గరాన్స్, సిదోనీ, అపోలీన్, ఇజోర్... ఆడపిల్లకు అరుదైన ఫ్రెంచి పేరు పెట్టాలంటే ఏది ఎంచుకోవాలి?

పేరు ఫ్రెంచిదే అయి ఉండాలి, క్లాసులో ఇంకో ఇద్దరికి ఉండకూడదు, ఊళ్ళో ఉన్న నాయనమ్మకు నోరు తిరగాలి. ఈ మూడూ ఒకేసారి కావాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. తూలూజ్‌లో విమానాల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, పారిస్ చుట్టుపక్కల స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ జంటలు, ఫ్రెంచివాళ్ళను పెళ్ళాడినవాళ్ళు, యానాం నుంచి ఫ్రెంచి పౌరసత్వంతో వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు... అందరికీ ఇదే తలనొప్పి. లూయీజ్, జాద్, అంబ్ర్, ఆల్బా బాగానే ఉంటాయి కానీ ఈమధ్య ఏళ్ళలో ఫ్రాన్స్‌లో ఎక్కువమంది ఆడపిల్లలకు పెడుతున్న పేర్లే అవి, పార్కులో ఒక్కసారి పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు.

నెట్‌లో దొరికే "అరుదైన ఫ్రెంచి పేర్లు" జాబితాలను మాత్రం నమ్ముకోకండి. వాటిల్లో ప్రతి పేరుకీ అర్థం "వెలుగు" అనో "యువరాణి" అనో ఉంటుంది, పైగా కాప్యుసీన్ లాంటి బాగా వాడుకలో ఉన్న పేరును కూడా అరుదు కిందే వేసేస్తారు. అందుకే ఏడు పేర్లే తీసుకున్నాను: గరాన్స్, సిదోనీ, అపోలీన్, అలియెనోర్, ఇజోర్, జెలీ, ఒందీన్. ఏడూ ఒకే మోతాదులో అరుదైనవి కావు, అసలు తిరకాసు అక్కడే ఉంది.

దేన్ని బట్టి ఎంచాలి

మొదటిది అరుదుతనం. ఫ్రాన్స్ గణాంక సంస్థ ఇన్సే దగ్గర 1900 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో లెక్క ఉంది, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మరీ కొద్దిమందికే పెట్టిన పేర్లను విడిగా చూపించకుండా "అరుదైన పేర్లు" అని ఒకే పద్దులో కలిపేస్తారు. మీరు అనుకుంటున్న పేరు ఆ లెక్కలో విడిగా కనిపించకపోతే అది నిజంగానే అరుదు. కనిపిస్తే మాత్రం నిరుటి అంకె ఒక్కటే చూసి ఆగిపోకండి, పదేళ్ళ గీత ఎటు పోతోందో చూడండి. ఇవాళ తక్కువగా ఉండి ఏటా పెరుగుతున్న పేరు మీ పాప బడికి వెళ్ళే నాటికి మామూలు పేరైపోతుంది. ఏళ్ళ తరబడి అడుగునే నిలకడగా పడున్న పేరు అయితే అలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

రెండోది పలకడం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, మనం ఏ పేరు పట్టుకున్నా చివర ఒక "ఉ" తగిలించేస్తాం. అపోలీన్ అపోలీను అవుతుంది, ఇజోర్ ఇజోరు అవుతుంది. ఇదేమీ నేరం కాదు కానీ ముందే తెలిసి ఉండాలి. ఫ్రెంచి గొంతులోంచి వచ్చే "ర", ముక్కులోంచి వచ్చే "ఆఁ" మనవాళ్ళకు రావు, రానక్కర్లేదు కూడా. అవి తీసేసినా పేరు పేరులా మిగులుతుందా లేదా అన్నదే పరీక్ష.

మూడోది రేపు అమెరికాకో లండన్‌కో మారితే ఏమవుతుందన్నది. ఫ్రెంచి పేర్లు కొన్ని ఇంగ్లిషువాళ్ళ చేతిలో పడితే అర్థమే మారిపోతుంది, కింద రెండు ఉదాహరణలు వస్తాయి.

నాలుగోది మనవాళ్ళు పట్టించుకోనిదీ ఫ్రెంచివాళ్ళు బాగా పట్టించుకునేదీ: పేరు వినగానే వచ్చే కుటుంబ వాసన. బాప్తీస్త్ కుల్మోం అనే సమాజశాస్త్రవేత్త బాక్ (మన ఇంటర్ లాంటి) పరీక్షలో ఏ పేరువాళ్ళలో ఎంత శాతానికి అత్యుత్తమ శ్రేణి వచ్చిందో గ్రాఫులు గీసి చూపించారు, అవి ఏటా పత్రికల్లో చర్చకు వచ్చేవి. పేరు పెట్టినంత మాత్రాన మార్కులు రావు. కొన్ని పేర్లు డబ్బూ చదువూ ఉన్న ఇళ్ళలోనే పెడతారు కాబట్టి గ్రాఫు అలా వస్తుంది. వెర్సాయ్ వైపు పాత కాథలిక్కు కుటుంబాల పేరు మీ పాపకు పెడితే తప్పేమీ లేదు కానీ ఫ్రెంచి సహోద్యోగి కనుబొమ్మ ఎందుకు పైకి లేచిందో మీకు తెలిసి ఉండటం మంచిది.

పంచాంగం చూసేవాళ్ళ కోసం నామాక్షరం కూడా పట్టికలో వేశాను. పట్టింపు లేనివాళ్ళు ఆ గడి వదిలేయండి.

| పేరు | మూలం | ఎంత అరుదు | తెలుగు నోట్లో | ఇంగ్లిషు దేశాల్లో | నామాక్షరం |
|---|---|---|---|---|---|
| గరాన్స్ | ఎర్ర రంగునిచ్చే మొక్క | అరుదు నుంచి జారిపోతోంది | గరాన్సు | తప్పు పలుకుతారు, అంతే | గ – ధనిష్ఠ |
| సిదోనీ | సీదోన్ నగరం | నిజంగా అరుదు | సిదోని, ఇబ్బంది లేదు | సులువు | సి – శతభిషం |
| అపోలీన్ | అపోలో దేవుడు, ఒక పునీతురాలు | ఇప్పుడు మధ్యస్థం | అపోలీను | సులువు | అ – కృత్తిక |
| అలియెనోర్ | ఆక్వితేన్ డచెస్ | అరుదే | కాస్త పొడుగు | ఇబ్బంది ఉంది | అ – కృత్తిక |
| ఇజోర్ | ఇసౌరియా ప్రాంతం, తూలూజ్ కథ | అరుదే | ఇజోరు | పెద్ద ఇబ్బంది | ఇ – కృత్తిక |
| జెలీ | అజెలీకి పొట్టిరూపం అంటారు | వేగంగా పెరుగుతోంది | జెలీ, జెల్లీ | సులువు | జే – శ్రవణం |
| ఒందీన్ | లాటిన్‌లో అల | నిజంగా అరుదు | ఒందీను | పర్వాలేదు | ఓ – రోహిణి |

గరాన్స్

నాకు బాగా ఇష్టమైన పేరు ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

గరాన్స్ అంటే ఒక మొక్క, దాని వేరు నుంచి ఎర్ర రంగు తీస్తారు. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే మంజిష్ఠకు ఇది స్వయానా తోబుట్టువు, రెండూ ఒకే ప్రజాతి. మచిలీపట్నం, పెడన కలంకారీలో ఎరుపు కోసం వాడిన చిరివేరు కూడా ఇదే కుటుంబంలోది. ఇది ఏదో కాకతాళీయమని సర్దేసుకోవడానికి లేదు, ఎందుకంటే ఈ ఎరుపు కథలో మన తీరం నిజంగానే ఉంది. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన రంగుల అద్దకం బట్టలంటే ఫ్రెంచివాళ్ళు పడి చచ్చారు, వాటిని "ఇందియెన్" అనే పిలిచేవాళ్ళు. అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు గోల పెడితే 1686లో రాజు ఆ బట్టల్ని నిషేధించాడు, 1759 దాకా నిషేధం ఎత్తలేదు. నిషేధం ఉన్నా జనం దొంగచాటుగా కట్టుకుంటూనే ఉన్నారు. నూలు బట్ట మీద ఉతికినా పోని ఎరుపు ఎలా నిలుస్తుందో తెలుసుకోవాలని ఆరాటపడినవాళ్ళలో కూర్దూ అనే జెస్విట్ ఫాదరీ ఒకరు. తెలుగు బాగా నేర్చుకున్న మనిషి, తెలుగు నిఘంటువు కూడా కూర్చాడు. 1742లో ఇక్కడి నుంచి ఆ అద్దకం పద్ధతినంతా ఉత్తరంలో వివరంగా రాసి పంపాడు.

ఆ తర్వాత 18వ శతాబ్దంలోనే జాన్ ఆల్తెన్ అనే ఆర్మీనియన్ అవిన్యోఁ చుట్టుపక్కల గరాన్స్ సాగును నిలబెట్టాడు. ఆయన పేరు మీద అక్కడ ఆల్తెన్-దె-పాల్యూ అనే ఊరే ఉంది. 1829 నుంచి ఫ్రెంచి సైనికుల ప్యాంట్లు గరాన్స్ ఎరుపే. 1860ల చివర్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ రంగును ఫ్యాక్టరీలో తయారుచేయడం కనిపెట్టేసరికి సాగు కుప్పకూలింది, ప్యాంట్లు మాత్రం 1914 యుద్ధం మొదలయ్యే దాకా ఎర్రగానే ఉన్నాయి. తుపాకీ గురికి అంత బాగా కనిపించే రంగు వేసుకుని యుద్ధానికి వెళ్ళిన తర్వాత గానీ లేత నీలానికి మారలేదు.

మనుషుల పేరుగా ఇది చాలా కాలం లేదనే చెప్పాలి. ఫ్రెంచి విప్లవం నాటి కాలెండర్‌లో ప్రతి రోజుకీ పునీతుల బదులు ఒక మొక్కో పనిముట్టో జంతువో పేరుగా ఉండేది, అందులో బ్రుమేర్ నెల 23వ రోజు పేరు గరాన్స్. అసలు దశ తిరిగింది 1945లో, మార్సెల్ కార్నే సినిమా "లెజాన్‌ఫాన్ ద్యు పరాది"లో ఆర్లెతీ వేసిన పాత్ర పేరు గరాన్స్ కావడంతో. అయినా వెంటనే ఎవరూ ఎగబడి పెట్టలేదు. ఆ సినిమా చూసి పెరిగినవాళ్ళు తల్లిదండ్రులైన తర్వాత, 20వ శతాబ్దం చివర్లో మెల్లగా ఊపందుకుంది, ఇప్పుడు ఏటా వందల్లో పెడుతున్నారు.

అంటే "అరుదు" అని గట్టిగా చెప్పుకోవడానికి ఆలస్యమైంది. పారిస్‌లో కళలు, పత్రికలు, డిజైన్ రంగాల వాళ్ళ ఇళ్ళలో ఇది బాగా వినిపిస్తుంది, చిన్న ఊళ్ళలో తక్కువ. మీరు ఉండేది ఏ జిల్లానో దాన్ని బట్టి ఇన్సే లెక్క జిల్లాల వారీగా చూసుకోండి. పలకడంలో చివరి "న్స్" మనకు కాస్త అడ్డం, కానీ మొదటి సగం మనదే. గారం అనో గారూ అనో ముద్దుగా పిలుచుకోవడానికి ఇంట్లోవాళ్ళు పెద్దగా ఆలోచించక్కర్లేదు.

సిదోనీ

ఏడింటిలో తూకం బాగా కుదిరింది దీనికే. సీదోన్ నగరం నుంచి వచ్చినది అని అర్థం, అంటే ఇవాళ్టి లెబనాన్‌లో ఉన్న సైదా. ఫినీషియన్ల కాలంలో సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీసిన ఊళ్ళలో అదొకటి. నా ఇష్టాలు రెండూ రంగుల ఊళ్ళకే పోయాయి, కావాలని ఎంచుకున్నవి కావు. 5వ శతాబ్దంలో క్లెర్మోఁకు బిషప్‌గా ఉన్న కవి సిదోనియస్ అపోలినారిస్ వల్ల ఈ పేరు మగరూపంలో ఫ్రాన్స్‌లో పాతుకుంది. విచిత్రం ఏంటంటే ఆయన పేరులో ఈ జాబితాలోని రెండు పేర్లున్నాయి.

ఫ్రెంచివాళ్ళకు సిదోనీ అనగానే గుర్తొచ్చేది రచయిత్రి కోలెత్. ఆమె అసలు పేరు సిదోనీ-గాబ్రియెల్, 1873లో పుట్టి 1954లో పోయింది, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వాళ్ళమ్మ పేరులోనూ సిదోనీ ఉంది, సిదో అని పిలిచేవాళ్ళు. మొక్కలన్నా పిల్లులన్నా ప్రాణం పెట్టే, మొండి, మాట పడని ఆడమనిషిగా ఆ సిదోను కూతురు తన రాతల్లో నిలబెట్టింది. కాబట్టి ఈ పేరుకు ఫ్రాన్స్‌లో ఉన్న వాసన పాత జమీందారీది కాదు, పల్లెటూరి తోటది, పుస్తకాల గదిది.

20వ శతాబ్దం మొదట్లో ముసలమ్మల పేరుగా తిరిగి తర్వాత దాదాపు మాయమైపోయింది. లూయీజ్, జాన్, రోజ్ లాంటి ముత్తవ్వల పేర్లన్నీ తిరిగొచ్చినా ఇది మాత్రం ఇంకా రాలేదు. "ముసలి పేరు కదా" అనే ఫ్రెంచి అత్తగారు తప్పకుండా ఒకరు ఉంటారు, అదే దీని అరుదుతనానికి హామీ కూడా. అచ్చుతో ముగుస్తుంది, వీధి చివర నుంచి కేకేసినా తునగదు, ఇంగ్లిషువాళ్ళూ పలుకుతారు. ఒకే చిన్న సంగతి: మనింట్లో పొట్టి చేస్తే సిద్దూ అయిపోతుంది, అది మనకు మగపిల్లాడి పేరు. ముందు నుంచే సిదో అనో దోనీ అనో అలవాటు చేయండి. దోనీ అంటే క్రికెటర్ అని అబ్బాయిలు ఏడిపిస్తారేమో, అది మీ ఓపిక.

అపోలీన్

అలెగ్జాండ్రియాలో 249లో చనిపోయిన పునీత అపొల్లోనియా పేరుకు ఫ్రెంచి రూపం. ఆమెను హింసించినవాళ్ళు పళ్ళు ఊడగొట్టారని చెబుతారు. అందుకే బొమ్మల్లో ఆమె చేతిలో పటకారు, దాని మధ్య ఒక పన్ను కనిపిస్తుంది. యూరప్ అంతా పంటి నొప్పికి మొక్కుకునేది ఆమెకే, పళ్ళ డాక్టర్లకు రక్షకురాలు కూడా ఆమే. పండుగ ఫిబ్రవరి 9న. మూలంలో ఉన్నది గ్రీకుల అపోలో.

అపోలో అనగానే మీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్ళిన ప్రతిసారీ "అపోలోలో పుట్టిందా?" అనే జోకు తప్పదు, ఇంకొకరు మందుల షాపు అంటారు. మొదటి రోజు నవ్వొస్తుంది, పదో ఏట పాపకు రాదు. ఫ్రాన్స్‌లోనే ఉండిపోయేవాళ్ళకు ఈ గొడవ లేదు, అక్కడ ఇది చక్కటి, నెమ్మదైన, కాస్త ఉన్నింటి పేరు. 1990ల నుంచి పెరిగి ఏటా వందల్లోకి వచ్చింది కాబట్టి అరుదు కోసమే వెతుకుతుంటే ఇక్కడ ఆగనక్కర్లేదు.

అలియెనోర్

ఈ పేరు వెనక ఉన్న మనిషి ముందు మిగతా ఆరుగురూ తేలిపోతారు. ఆక్వితేన్ డచ్చీకి వారసురాలు, 1137లో ఫ్రాన్స్ రాజు ఏడో లూయీకి భార్య అయింది, భర్తతో కలిసి రెండో క్రూసేడుకు వెళ్ళింది. 1152లో ఆ పెళ్ళి రద్దయిన కొద్ది వారాలకే హెన్రీ ప్లాంటాజెనెట్‌ను చేసుకుని తర్వాత ఇంగ్లండు రాణి అయింది. సింహహృదయుడు రిచర్డ్ ఆమె కొడుకే. 1204లో చనిపోయింది, సమాధి ఫోంతెవ్రో మఠంలో ఉంది. వీలైతే వెళ్ళి చూడండి: పక్కనే భర్త, కొడుకు రాతిబొమ్మలు కళ్ళు మూసుకుని పడుకుని ఉంటాయి, ఆమె మాత్రం పడుకునే చేతుల్లో పుస్తకం తెరిచి పట్టుకుని ఉంటుంది.

అర్థం అడిగితే ఒక కథ చెబుతారు. ఆమె తల్లి పేరు అయెనోర్, లాటిన్‌లో "అలియా" అంటే ఇంకొకటి, కాబట్టి "ఇంకో అయెనోర్" అని. పండితులందరూ ఒప్పుకున్న మాట కాదు కానీ వినడానికి బాగుంటుంది. కూతురికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో మళ్ళీ పెట్టుకునే మనకు వింతగానూ అనిపించదు.

చిక్కు రాతలో ఉంది. ఫ్రెంచి స్పెల్లింగులో (Aliénor) మొదటి ఐదు అక్షరాలు విడిగా చూస్తే ఇంగ్లిషులో ఏలియన్ అని చదువుతారు. ఆ పాప అమెరికాలో, అదీ వీసా కాగితాల్లో ఈ మాటను చూసి చూసి విసిగిపోయిన మన కుటుంబంలో పెరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫ్రాన్స్ దాటేది లేదనుకుంటేనే పెట్టండి, లేదంటే ఎలియోనోర్ అనే మరో ఫ్రెంచి రూపం ఉంది. అంత అరుదు కాదు గానీ ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

ఇజోర్

తూలూజ్‌లో ఉండేవాళ్ళు ఈ పేరు వినే ఉంటారు. 1323లో ఏడుగురు కవులు అక్కడ ఒక పోటీ పెట్టి మంచి కవితకు బంగారు వయొలెట్ పువ్వు ఇస్తామని చాటించారు. ఆ పూల పోటీలు ఇప్పటికీ నడుస్తున్నాయి, 1819లో కుర్రవాడైన విక్టర్ హ్యూగో కూడా బహుమతి అందుకున్నాడు. వాటికి ఆస్తి రాసిచ్చిన మహాతల్లిగా చెప్పుకునే పేరు క్లెమాన్స్ ఇజోర్. ఆవిడ నిజంగా ఉందన్న ఆధారం లేదు, కల్పితమనే చరిత్రకారుల మాట. అయినా తూలూజ్‌లో ఒతెల్ దాసెజా అనే పాత భవంతిలో ఆమె విగ్రహం ఉంది, పారిస్‌లో లుక్సాంబూర్ తోటలో ఇంకొకటి ఉంది. పేరు మూలం ఇసౌరియా, ఇవాళ్టి టర్కీ దక్షిణాన ఉన్న పాత ప్రాంతం.

ఫ్రెంచి చెవికి ఇది మర్యాదస్తుల ఇంటి పేరు, అందులో సందేహం లేదు. ఇంగ్లిషులో చదివితే మాత్రం "ఐసోర్" అవుతుంది, అంటే చూడ్డానికి వికారంగా ఉన్నది. ఆడపిల్లకు ఇంతకన్నా చెడ్డ తప్పుచదువు ఉండదు. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని పక్కన పెడతాను, తూలూజ్ మీద ప్రేమతో రెండో పేరుగా పెట్టుకుంటామంటే సరే.

జెలీ

పునీత జెలీ మార్తెన్, అసలు పేరు అజెలీ-మరీ గెరెన్, 1831లో పుట్టి 1877లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. లిసియే చిన్న తెరెజమ్మ తల్లి. తెలుగు కాథలిక్కుల ఇళ్ళలో తెరెజమ్మ పటం లేనిది అరుదు కాబట్టి వాళ్ళకు ఈ పేరు పరిచయం చేయక్కర్లేదు. 2015 అక్టోబరులో భర్త లూయీతో కలిపి పునీతురాలిగా ప్రకటించారు, భార్యాభర్తలిద్దర్నీ ఒకేసారి అలా ప్రకటించడం అదే మొదలు. నాకు నచ్చేది ఆమె చేసిన పని: అలాంసోఁలో సొంతంగా లేసు వ్యాపారం నడిపింది. నరసాపురం లేసులాగే అక్కడా ఆడవాళ్ళు ఇళ్ళలోనే కుట్టేవాళ్ళు, ముక్కల్ని కలిపి అతుకు కనపడకుండా చేసే నాజూకు పని ఆమె తన చేతుల మీదుగా చేసేది.

పేరు అర్థానికి రెండు మూడు వ్యాఖ్యానాలున్నాయి, ఏదీ గట్టిది కాదు. పొట్టిగా, ముద్దుగా ఉండటం వల్ల ఈమధ్య దీనికి గిరాకీ బాగా పెరిగింది, గీత నిటారుగా పైకి పోతోంది. కాథలిక్కు కుటుంబమైతే కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. అరుదుతనమే కావాలనుకుంటే పొట్టిరూపం వదిలి అజెలీ అని పూర్తిగా పెట్టండి, అది ఇంకా తక్కువమందికే ఉంది.

ఒందీన్

నీటి కన్య. లాటిన్‌లో అల అనే మాట నుంచి 16వ శతాబ్దంలో పారాసెల్సస్ కట్టిన మాట ఇది. 1939లో జిరోదూ నాటకం వల్ల ఫ్రాన్స్‌లో అందరికీ తెలిసింది. వినడానికి చాలా బాగుంటుంది, అరుదుతనంలో దీనికి తిరుగులేదు. కానీ నిద్రలో ఊపిరి దానంతట అది సరిగా ఆడని ఒక పుట్టు జబ్బుకు వైద్యులు వాడుతూ వచ్చిన పేరు "ఒందీన్ శాపం". ఫ్రాన్స్‌లో ఏ పిల్లల డాక్టర్‌కైనా ఇది తెలుసు. శాపం అనే మాట పక్కన ఉన్న పేరు మనింట్లో పెద్దవాళ్ళకు ఎవరైనా విడమర్చి చెప్పారంటే ఇక అంతే.

మరి ఎవరికి ఏది

రెండు దేశాల మధ్య తిరిగే కుటుంబం, ముందు ముందు ఎక్కడ ఉంటారో తెలియదు: సిదోనీ. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఫ్రాన్స్‌లోనే స్థిరపడ్డారు, అర్థం స్పష్టంగా, చేత్తో పట్టుకుని చూపించేలా ఉండాలి, మరీ అరుదు కాకపోయినా ఫర్వాలేదు: గరాన్స్. భార్యాభర్తల్లో ఒకరు ఫ్రెంచి, వాళ్ళ వైపు కాథలిక్కు పట్టింపులు ఉన్నాయి: జెలీ లేదా అజెలీ, అత్తగారు కూడా మెచ్చుకుంటారు. చరిత్ర పిచ్చి ఉండి ఇంగ్లిషు దేశాల ఊసు లేకపోతే అలియెనోర్. అపోలీన్ చెడ్డ ఎంపిక కాదు కానీ దేనిలోనూ మొదటిది కాదు, పైగా మనవాళ్ళ జోకులు భరించాలి.

కృత్తిక నక్షత్రం వాళ్ళకు మాత్రం ఇబ్బందే, వాళ్ళకు కలిసొచ్చే మూడు పేర్లకూ ఏదో ఒక వంక ఉంది. నామాక్షరం రెండో పేరుకు వదిలేసి మొదటిది మీకు నచ్చింది పెట్టుకోవడం మేలు. ఇంటిపేరుతో కలిపి పైకి చదివి చూడటం కూడా మరిచిపోకండి. మన ఇంటిపేర్లు పొడుగు, పక్కన పొట్టి పేరు నిలబడుతుంది: జెలీ కొమ్మారెడ్డి బాగుంటుంది, అలియెనోర్ కొమ్మారెడ్డి పిలిచేసరికి క్లాసు అయిపోతుంది.

మేరీ ఆఫీసులో

బారసాల 21వ రోజున పెట్టుకుని అప్పుడు పేరు ఆలోచిద్దామనుకుంటే ఫ్రాన్స్‌లో కుదరదు. పాప పుట్టిన రోజు కాకుండా ఐదు రోజుల్లోపు, పుట్టిన ఊరి మేరీ (మునిసిపల్) ఆఫీసులో నమోదు చేయించాలి. మీరు ఉండే ఊరు వేరు, ఆసుపత్రి ఉన్న ఊరు వేరు అయితే ఆసుపత్రి ఊరికే వెళ్ళాలి. గడువు దాటితే కోర్టు తీర్పు తెచ్చుకోవాల్సి వస్తుంది, పురిటి ఇంట్లో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. పంతులు గారికి పుట్టిన సమయం ఫోన్‌లో చెప్పి అదే రోజు అక్షరం తెలుసుకోండి, బారసాల వేడుక తర్వాత చేసుకోవచ్చు.

పేరు విషయంలో ఇప్పుడు స్వేచ్ఛ ఉంది. 1803 నాటి చట్టం కాలెండర్లలోని పేర్లనూ ప్రాచీన చరిత్రలో పేరున్నవాళ్ళ పేర్లనూ మాత్రమే ఒప్పుకునేది, ఇన్ని పాత పేర్లు పునీతులవే కావడానికి అదొక కారణం. 1993 జనవరి చట్టంతో ఆ పట్టు పోయింది. పిల్లకు హాని అనిపిస్తేనే అధికారి ప్రాసిక్యూటర్‌కు తెలియజేస్తారు, వలాన్సియెన్‌లో న్యుతెలా అని పెట్టబోతే జడ్జి కొట్టేసి ఎలా అని మార్చినట్టు. మన జాబితాలో వేటికీ ఆ భయం లేదు.

ఒకటికి మించి పేర్లు రాయించుకోవచ్చు, మధ్యలో కామా ఉండాలి. కామా లేకుండా గీతతో కలిపితే రెండూ కలిసి ఒకే పేరు అయిపోతుంది, తర్వాత ప్రతి ఫారంలో రెండూ రాయాలి. జనన నమోదులో ఉన్న ఏ పేరునైనా రోజువారీ పేరుగా వాడుకునే హక్కు చట్టంలోనే ఉంది. కాబట్టి "గరాన్స్, లక్ష్మీ" అని రాయిస్తే రేపు పాప ఏది ఎంచుకున్నా చెల్లుతుంది. జెలీ (Zélie), అలియెనోర్ పేర్లలో మొదటి "e" అక్షరం మీద చిన్న గీత ఉంటుంది. పాస్‌పోర్టు అడుగున మెషిన్ చదివే వరుసలో, విమానం టికెట్ల మీద అది ఎలాగూ పోతుంది కానీ ఫ్రెంచి రికార్డులో ఉండి తీరాలి. సంతకం పెట్టే ముందు గుమస్తా చూపించే కాగితంలో ఆ గీత, ఆ కామా, ఇంటిపేరులో ప్రతి అక్షరం వేలు పెట్టి చదువుకోండి, నిద్ర లేని కళ్ళతో తండ్రి ఒక్కడే వెళ్ళే పని అది, వీలైతే తోడుగా ఇంకొకరిని పంపండి.